గట్టు మీది తాటిచెట్లు

“నరకనియ్య సారూ!” ముసలి కాటమయ్య తాటిచెట్టుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

గొడ్డళ్లు పట్టుకున్న నలుగురూ రెవెన్యూ గిర్దావరు సుదర్శన్ వైపు చూశారు.

ఎనభై ఆరు ఆగస్టు. కాళేశ్వరం దగ్గర గోదావరి పొంగి నాలుగు రోజులైంది. ముంపు ఊళ్ల జనం వాగు పక్కనున్న బడిలో తలదాచుకున్నారు. రెండు గదుల్లో నలభై కుటుంబాలు. వారం కింద కాన్పయిన చాందీ, పసిగుడ్డుతో తడి వరండాలోనే పడుకుంటోంది. గుడిసెలకు వెంటనే కలప కావాలి. దగ్గర్లో ఉన్నవి వాగు గట్టున ఈ తాటిచెట్లే.

“అక్కడ పసిపిల్ల దగ్గుతాంది. నీకు కల్లు ఎక్కువైందా?” సుదర్శన్ గొంతు పెంచాడు.

కల్లు గీసేవాడికి చెట్ల మీద ఆశ ఉండదా అనుకున్నాడు.

కాటమయ్య వాగు కింది వైపుకు చెయ్యి చూపాడు. “రెండు దినాలు ఆగున్రి సారూ. కింద మలుపు కాడ వరద తెచ్చిన మొద్దులు, వెదుర్లు కుప్పలు పడ్డయి. గవి మోసుకొస్త.”

“ఒక్కనివి ఎన్ని మోస్తవు?”

“మోస్త.”

మధ్యాహ్నానికి మోకాలి లోతు బురదలో ఆ ముసలాయన మూడో మొద్దు లాక్కొస్తున్నాడు. చూసి చూసి నలుగురూ గొడ్డళ్లు పక్కన పెట్టి వెంట నడిచారు. సుదర్శన్ కూడా ప్యాంటు మడిచాడు. మర్నాడు సాయంత్రానికి పన్నెండు గుడిసెలు లేచాయి. మొదటి దాంట్లోకి చాందీ వెళ్లింది.

ఆ మర్నాడు మళ్లీ కుండపోత. వాగు తాటిచెట్ల మొదళ్లను ఒరుసుకుంటూ పారింది. వేళ్లు బయటపడ్డాయి గానీ గట్టు తెగలేదు. బడీ గుడిసెలూ నిలిచాయి.

వాన వెలిశాక సుదర్శన్ వెళ్లి కాటమయ్య పక్కన కూర్చున్నాడు. ముసలాయన భుజాలు పుండ్లు పడి ఉన్నాయి.

“తప్పుగ అన్న, ఏమనుకోకు. నీ చెట్లే మమ్ముల కాపాడినయి.”

“నాయి గావు సారూ. నాది ఎగువూరు.”

సుదర్శన్ ఉలిక్కిపడ్డాడు. గట్టు తెగి ఇరవై ఇండ్లు, ఐదుగురు మనుషులు కొట్టుకుపోయిన ఊరది.

“మీ గట్టు మీద చెట్లు లేకుండెనా?”

“ఉండె. ఎండకాలంల నరికి, దూలాలకు అమ్మిన్రు.”

“ఎవలు?”

కాటమయ్య బయటపడ్డ వేళ్ల మీదికి చేత్తో మట్టి తోశాడు.

“నేనే సారూ.”