మీగడ తీయని టీ

టీచర్లు పరాయి దేశాల బడులు చూడడానికి విమానాలెక్కే రోజులు పోయాయి. ఇప్పుడు ఒళ్లు ఇక్కడే ఉంటుంది, లోపలి మనిషి వెళ్లి వస్తుంది. పదిహేను రోజులుగా బొబ్బిలిలో హైమ ఒంట్లో నార్వే పంతులమ్మ ఉంటోంది. ఆమె ఒంట్లో ఉండి హైమ అక్కడ పాఠాలు చెబుతోంది.

ఆ పదిహేను రోజులూ తల్లి దమయంతికి కంటి మీద కునుకు లేదు. నిన్న తలకి నూనె రాస్తుంటే ఆ పంతులమ్మ, "మా ఊళ్లో నాకిలా రాసేవాళ్లు లేరమ్మా. వెళ్లబుద్ధి కావట్లేదు," అంది.

ఈ రోజుతో గడువు తీరింది. మార్పిడి కేంద్రం నుంచి వచ్చిన హైమ గుమ్మంలో చెప్పులు విడిచింది.

"వచ్చేశానమ్మా."

"నువ్వేనేటే హైమా?"

"నేను కాక ఇంకెవరమ్మా? టీ పెట్టు."

గొంతూ యాసా ఒంటితోనే వస్తాయి, వాటిని నమ్మడానికి లేదు. దమయంతి టీ కాచి, మీగడ తీయకుండా ఇచ్చింది. ఆ పంతులమ్మ రోజూ మీగడతోనే తాగేది. హైమ మాత్రం చిన్నప్పటి నుంచీ మీగడ కనిపిస్తే గ్లాసు నెట్టేసి తల్లిని తిట్టేది.

'తిట్టమ్మా, ఒక్కసారి నన్ను తిట్టు' అని లోలోపల వేడుకుంటూ నిలబడింది.

కూతురు మీగడతో సహా టీ అంతా తాగి, మూతి తుడుచుకుని, ఆమె కాళ్ల దగ్గర చాప మీద కూర్చుంది.

"కొంచెం తలకి నూనె రాయవా అమ్మా?"