ఇద్దరు సూర్యుల లోకం

గంగరాజు నిచ్చెనెక్కి పెంకుల సందుల్లో గుడ్డపేలికలు కుక్కుతున్నాడు. కింద మంచం మీద కూర్చుని భార్య జ్ఞానప్రసూనాంబ తలెత్తి చూస్తోంది. ఆమెకు ఏడో నెల.

"ఆ ఒక్క సందూ వదిలెయ్యండి. అందులోంచి పడే వెలుగు గ్రహణం పట్టిన సూర్యుడి ఆకారంలోనే పడుతుంది. గోడ మీద చూసుకుంటాను."

"నాకు తెలియదా? సైన్సు మేష్టర్ని."

"అందుకేనండీ అడుగుతున్నాను."

"అమ్మ ఒప్పుకోదు," అంటూ అతను ఆ సందు కూడా మూసేశాడు.

తల్లి వెంకటలక్ష్మమ్మ వంటింట్లో ఊరగాయ జాడీల మీద దర్భలు వేస్తోంది. నాలుగు రోజులుగా పట్టిన ముసురు ఆ శ్రావణ అమావాస్య పొద్దున్నే విడిచి, ఏలూరు మీద ఎండ కాసింది. హైస్కూలు మైదానంలో సభ. ఊరివాళ్ళకు గ్రహణం చూపించి, గంగరాజు ఉపన్యాసం ఇవ్వాలి. మనం కాపురం ఉండటానికి నచ్చిన సూర్యుణ్ణి ఎంచుకోవచ్చంటే ఎలాంటివాణ్ణి ఎంచుకుంటాం అన్నది విషయం. ఆ ఆలోచన ప్రసూనాంబదే. కాకినాడలో ఇంటర్మీడియెట్ చదివేటప్పటి నుంచీ ఆమె మనసులో ఉన్న లోకం అది.

గంగరాజు నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు.

"అన్నట్టు, నీ సూర్యుడి సంగతి ఇంకోసారి చెప్పు. సభలో తడబడకూడదు."

కోపంగానే ఉన్నా, అడిగింది తన లోకం గురించి కాబట్టి ఆమె చెప్పకుండా ఉండలేకపోయింది.

"మన సూర్యుడి కన్నా కాస్త చల్లనివాడు. రోహిణీకార్తెలో కూడా పెంకుటింట్లో మనిషి ఉడికిపోకూడదు. దూరంగా తోడు ఇంకో చిన్న సూర్యుడు. ఆకాశంలో అలాంటి జంటలు ఎన్నో ఉన్నాయి. అక్కడ వాన ఒక్కసారే విరుచుకుపడకుండా ఏడాది పొడుగునా కొంచెం కొంచెం పడాలి. కొల్లేరు పొంగి మా కైకలూరు చేలు మునగకూడదు."

"బాగుంది. మరి గ్రహణం పడితే?"

"పడనివ్వండి. ఒకడు మరుగైతే రెండోవాడి వెలుగు ఉంటుంది. అక్కడ కడుపుతో ఉన్నదాన్ని చీకటి గదిలో మూయడానికి ఎవరికీ చీకటి దొరకదు."

"భలే మాట. చప్పట్లు అక్కడే వస్తాయి."

ప్రసూనాంబ మొహం ఎర్రబడింది.

"అక్కడ నుంచుని ఈ మాట చెప్పి, ఇక్కడ నా మీద తలుపేస్తారా? గుడ్డపేలికల సంగతి కూడా సభలో చెప్పండి."

"సభ వేరు, సంసారం వేరు."

"పోనీ, మీరు నమ్ముతున్నారా ఇదంతా?"

"నా నమ్మకంతో పనేముంది? చెప్పాను కదా, అమ్మ."

"అత్తయ్యగారిని నేను అడుగుతాను."

"అడక్కు. పెద్దావిణ్ణి కష్టపెట్టడం ఎందుకు?"

అతను కిటికీ రెక్కలు బిగించబోతూ, అక్కడున్న గాజుముక్క తీసి జేబులో వేసుకున్నాడు. నిన్న సాయంత్రం ప్రసూనాంబ కిరసనాయిలు దీపం మీద పట్టి మసిపట్టించిన గాజు అది.

"అది నాది."

"చీకట్లో నీకెందుకు? హెడ్మాస్టరుగారికి ఇస్తాను. నువ్వు వెల్లకిలా పడుకో. కాలూ చెయ్యీ ముడవకు. గోకకు."

బయటికొచ్చి తలుపు మూసి గొళ్ళెం పెట్టాడు. తల్లిని పిలిచి గుమ్మం దగ్గర పీట వేశాడు.

"నేనొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకమ్మా."

"అలాగే నాయనా, వెళ్ళిరా," అని వెంకటలక్ష్మమ్మ కూర్చుంది. కొడుకు చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయాక తలుపు వైపు తిరిగింది.

"ఏమిటమ్మాయ్ ఆ ఇద్దరు సూర్యుల గొడవ? వంటింట్లోకి వినిపించింది."

"ఊరికే అనుకునే లోకమండీ. ఉండటానికి బాగుంటుందని."

"అక్కడ అత్తగార్లు ఉంటారా?"

"ఉంటారండి. కాపలా మాత్రం కూర్చోరు."

వెంకటలక్ష్మమ్మ తలెత్తి గొళ్ళెం వైపు చూసింది.

మైదానంలో ఎండ పలచబడి, కాకులు గూళ్ళకు మళ్ళాయి. మసిగాజు చేతులు మారింది. గంగరాజు ఉపన్యాసం ధారాళంగా సాగింది. "ఎవరికీ చీకటి దొరకదు" అన్నచోట చప్పట్లు మోగాయి. ముందు వరసలోని ప్లీడరుగారు లేచి వచ్చి భుజం తట్టారు.

"మీలాంటివాళ్ళు ఇంటికొకరు ఉండాలండి గంగరాజుగారూ. మన ఆడవాళ్ళు బాగుపడతారు."

గ్రహణం ఇంకా పూర్తిగా విడవకముందే గంగరాజు సంబరంగా ఇల్లు చేరాడు. గుమ్మం దగ్గర పీట ఖాళీగా ఉంది. అమ్మ విడుపు స్నానానికి నీళ్ళు తోడుకుంటోంది కాబోలు అనుకున్నాడు. గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తలుపుకు దగ్గరగా వంగాడు.

"ప్రసూనా, నీ సూర్యులకి ఎన్ని చప్పట్లనుకున్నావు. ప్లీడరుగారైతే పొంగిపోయారు."

తలుపుకు చెవి ఆనించి విన్నాడు.

"కోపమా? కాలూ చెయ్యీ ముడవలేదు కదా? నీకు చూపించాలని నాకు మాత్రం ఉండదా చెప్పు. ఏం చెయ్యను, అమ్మ ఒప్పుకోదు."

"గొళ్ళెం మళ్ళీ పెట్టేసి కోడలు పెరట్లోకి వెళ్ళిందిరా," అంది లోపలి నుంచి వెంకటలక్ష్మమ్మ గొంతు. "బీరపందిరి కింద నేలంతా నెలవంకల్లాంటి సూర్యుళ్ళట, చూసుకుంటోంది. నువ్వు చెప్పినట్టే కాలూ చెయ్యీ ముడవకుండా దాని బదులు నేను పడుకున్నాను గానీ, ఒప్పుకోనని నీతో నేనెప్పుడన్నాను?"