లేని కత్తి, ఉన్న డబ్బు

“లేని కత్తిని అమ్మడమేమిటమ్మా! కొనేవాడికైనా బుద్ధుండక్కర్లేదూ?” పొరుగింటి ముసలమ్మ పకపకా నవ్వింది.

“లేకపోవడమేం? ఫోన్లో, ఆటలో ఉందిగా. మా చిన్నకోడలు లోబార్ కష్టపడి గెల్చింది. ఎవడో అల్మాతీ ఊరివాడు ఎగిరి గంతేసి కొనుక్కున్నాడు,” అంది అత్తగారు, కొడుకే గెలిచొచ్చినంత గర్వంగా.

తందూరులోంచి రొట్టెలు తీస్తున్న సబోహత్‌కి చేతికన్నా కడుపు ఎక్కువ కాలింది.

కోకంద్ ఊళ్ళోని ఆ ఇంటికి తను పెద్దకోడలు. పిండి పిసికేది తను, ఆవు కింద కూర్చునేది తను. మొగుడు తుర్గున్ రష్యాలో ఇటుకలు మోస్తూ, మంచుకి చేతులు పగిలినా నెలనెలా డబ్బు పంపిస్తున్నాడు. అత్తగారు బజారులో బ్యాంకుకెళ్ళి అది తెచ్చి తన చేతిలో పెడుతుంది. పెట్టేటప్పుడు ఒక్క మంచిమాటైనా అందా? చిన్నకోడలు గదిలో కూర్చుని బొటనవేళ్ళాడిస్తే మాత్రం వీధంతా చాటింపు.

పైగా ఆ ఇద్దరికీ గుసగుసలొకటి. సబోహత్ గుమ్మంలో అడుగుపెడితే టక్కున ఆపేస్తారు. అంత సంపాదిస్తున్నా లోబార్ ఒంటిమీద పెళ్ళినాటి కోటే.

“ఎక్కడ దాస్తోందో మహాతల్లి,” అని పళ్ళు నూరుకునేది సబోహత్.

ఆ శుక్రవారం, వీధిలో ఆడవాళ్ళకి ఖురాను పాఠాలు చెప్పే ఓతినాయి ఇంటికి వెళ్ళింది.

“ఆటలో వస్తువుల్ని నిజం డబ్బుకి అమ్ముకోవచ్చాండీ?”

ఓతినాయి టీ పోస్తూ అడిగింది. “అందులో జూదముందా?”

“లేదండీ.”

“కొన్నవాణ్ణి మోసం చెయ్యడం?”

“అదీ లేదు.”

“మరి ఆట తయారుచేసినవాళ్ళు అమ్ముకోనిస్తారా? సొత్తు వాళ్ళది తల్లీ. వాళ్ళు సరేనంటే తప్పులేదు. వద్దన్నాక అమ్మితే, ఇచ్చిన మాట తప్పినట్టే.”

గెల్చిన వస్తువులు అమ్ముకోడానికి ఆ ఆటలోనే కంపెనీవాళ్ళు పెట్టిన అంగడి ఉంది. లోబార్ ఒకసారి సరదాపడి చూపించింది కూడా. సబోహత్ టీ గిన్నెలోకి చూస్తూ అంది:

“అమ్ము... అమ్ముకోనివ్వరండీ.”

“అయితే కూడదు.”

సాయంత్రం నలుగురూ పులావు పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు, పొరుగువాళ్ళు కూడా ఉండేలా చూసుకుని మరీ బయటపెట్టింది. “ఓతినాయి ఆ డబ్బు హరామ్, పాపపు సొమ్ము అంది. ఇక మన ఇష్టం!”

లోబార్ మొహం పాలిపోయింది. “కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారక్కా. నీకు చూపించానుగా?”

“ఓతినాయికంటే నీకెక్కువ తెలుసా?”

లోబార్ అత్తగారివైపు చూసింది. అత్తగారు తల వంచుకుంది.

“వద్దులే అత్తయ్యా,” అంది లోబార్ చివరికి. “అనుమానమున్న సొమ్ము. తినేవాళ్ళకి పాపం అంటుతుందేమో.” అందరి ముందే ఫోన్ తీసి ఆటను చెరిపేసింది.

ఎన్నో ఏళ్ళకి సబోహత్ ఆ రోజు కడుపునిండా తింది.

మర్నాటినుంచి వీధిలో కత్తి కబుర్లు ఆగిపోయాయి. నెల మారింది. అత్తగారు బజారువైపు వెళ్ళనేలేదు. అడిగితే, “మోకాళ్ళ నొప్పులే,” అని మొహం తిప్పుకుంది. ఇది కూడా తనమీద కక్షేననుకుని సబోహత్ తిన్నగా మొగుడికే ఫోన్ చేసింది.

“ఏమయ్యా, పెళ్ళాంపిల్లలు గుర్తున్నారా? ఈ నెల డబ్బేదీ?”

అవతల తుర్గున్ గొంతు తగ్గించాడు.

“అమ్మ చెప్పలేదా?”

“ఏం చెప్పాలి?”

“పరంజా మీంచి పడి నడుం విరిగింది. పని పోయి ఏడాది దాటింది సబోహత్. ఇక్కడ ఊరివాళ్ళ గదిలో ఓ మూల పడున్నా. నువ్వు వీధిలో తలెత్తుకు తిరుగుతున్నావు. ఆ తల దించడం ఇష్టంలేక, నీకు చెప్పొద్దని అమ్మని బతిమాలుకున్నా.”

“మరి... నెలనెలా నా చేతికొచ్చింది ఎవరి డబ్బు?”

“లోబార్‌ది.”