పోయొస్తా

"ఇంక భారం స్వామి మీద వేయండమ్మా," అన్నాడు డాక్టరు, రంగనాయకమ్మ భర్త కేసుషీటు మూసేస్తూ.

ఆమెకు ధైర్యం వచ్చింది. నగరి నుంచి భర్తను తెచ్చి చేర్చిన ఈ పదిరోజుల్లో తిరుపతిలో ఆ మాట అనని మనిషి లేడు. ఆటో అతను అన్నాడు, టీకొట్టు ఆమె అన్నది, లాడ్జి గుమస్తా తాళంచెవి ఇస్తూ అన్నాడు.

మధ్యాహ్నం ఆమె అన్న మునెయ్య వచ్చాడు. డాక్టరు గదిలోకి వెళ్లి, కాసేపటికి వార్డులోకి వచ్చాడు.

"భారం స్వామి మీదెయ్యమన్నాడన్నా డాక్టరు. తగ్గిపోతాది. వచ్చే వారానికి మగ్గం కాడ కూర్చుంటాడు సూడు."

మునెయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తెచ్చిన ఇడ్లీ పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. మంచం మీది మనిషి పాదాల మీదికి దుప్పటి లాగాడు.

రోజూ చూసి వెళ్లడానికి లేచేటప్పుడు మునెయ్య చెల్లెలితో "పోయొస్తా పాపా" అనేవాడు. ఈరోజు ఏమీ అనకుండా లేచి, తల వంచుకుని నడిచాడు.

చావింటి నుంచి తప్ప, తమవాళ్లెవరూ అట్లా చెప్పకుండా లేవరు.

పొట్లం కింద పడేసి రంగనాయకమ్మ వాకిట్లోకి పరిగెత్తింది.

"డాక్టరు అట్లన్నది ఇందుకా అన్నా? పోయొస్తానని ఒక్కమాట సెప్పి పోన్నా!"

మెట్ల మీద మునెయ్య ఆగాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.