గరిటె వెంట వాద్యబృందం

ఇంటింటి గోడల్లోనూ ఒక వాద్యబృందం కాపురం పెట్టి, ఎవరి చెయ్యి కదిలితే దాని వెంట వాయిస్తున్న రోజులవి. సినిమాకీ, నాటకానికీ, చర్చి పాటకీ స్వరాలు కూర్చి, నలభై వయొలిన్లను ఒంటిచేత్తో నడిపించిన పట్టాభికి మాత్రం ఆ గోడలు మొక్కుబడిగా పలికేవి. భార్య వకుళ ఉప్మా కలిపితే చాలు, ఆ గరిటె వెంట అతను జన్మలో కూర్చలేని సంగీతం పొంగేది. అతనికి కడుపు మండిపోయేది.

ఓ ఉదయం గోడలు తన చేతికి తప్ప ఇంకెవరికీ పలక్కుండా కట్టడి చేసి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వకుళ నిశ్శబ్దంలో ఉప్మా కలుపుతోంది.

"ఏమైనా వెలితిగా ఉందా?" అన్నాడు ఆశగా.

"లేదండీ, ప్రాణానికి హాయిగా ఉంది. ఇన్నాళ్లూ హాల్లోంచి మీరే వాయిస్తున్నారనుకుని, నొచ్చుకుంటారని ఊరుకున్నాను."