హాలుకీ వంటింటికీ మధ్య

గీత మళ్లీ జరిగింది.

ప్రమోద్ మొహం కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. నిన్న సాయంత్రం అమీర్‌పేట వార్డు హద్దుని గెజిట్‌లో ఉన్నట్టే, పాత మురుగు నాలా వెంబడి గీసి పడుకున్నాడు. తెల్లారేసరికి ఎవరో దాన్ని సరిగ్గా తన ఇంటి దగ్గరే వంచి, ఇల్లు మొత్తం ఒకే వార్డులో పడేలా చుట్టూ తిప్పేశారు. నెట్‌లో పదిమందీ కలిసి గీసుకునే మ్యాపు అది. ఎవరైనా దిద్దొచ్చు, దిద్దినవాళ్ల పేరు మాత్రం కింద పడుతుంది. ‘బాటసారి’ అని ఉంది. వారం నుంచీ వీడితో ఇదే తలనొప్పి.

నాలాని ఎప్పుడో కప్పేశారు. దానిమీద ఇళ్లు లేచాయి. ప్రమోద్ అద్దెకుంటున్న ఇల్లూ వాటిలో ఒకటి. గెజిట్ మాత్రం ఇప్పటికీ హద్దు నాలా మధ్యలోంచే అంటుంది. ఆ లెక్కన చట్టప్రకారం హాలు అమీర్‌పేట వార్డు, వంటిల్లు పక్క వార్డు.

హాల్లో ప్రమోద్ ఉంటాడు. వంటింటి వైపు సుమశ్రీ ఉంటుంది. ఆలుమగలే గానీ మాటల్లేవు. పోట్లాటలు కూడా ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు పన్ను పీకే ముందు ఇంజక్షన్ ఇస్తే దవడకి వచ్చే మొద్దుతనం ఒక్కటే మిగిలింది. పొద్దునా సాయంత్రం ఆవిడ వంటింటి గడప లోపల స్టూలు మీద టీ పెట్టి, స్పూనుతో కప్పుని టంగుమనిపిస్తుంది. అతను చెయ్యి చాపి తీసుకుంటాడు. అంతే సంసారం.

ఇప్పుడూ లోపల ఆఫీసు లాప్‌టాప్ కీలు టకటకలాడుతున్నాయి. ఆదివారమైనా ఆవిడకి ఆఫీసు గొడవే.

ఫోన్ మోగింది. పంజాగుట్ట లాయరు కామరాజు.

“ఏమండీ ప్రమోద్ గారూ, మ్యాపు ప్రింటు తీశారా?”

“ఇవాళ తీస్తానండీ.”

“మరవకండి. రేపే సంతకాలు. ఏడాదిగా విడిగా ఉంటున్నామని రాసిస్తున్నారు. చూడబోతే ఒకటే గుమ్మం, ఒకటే కరెంటు మీటరు. విడాకులు ఇవ్వాల్సిన జడ్జిగారికి నేనేం చూపించను? ఇంటి మధ్యలోంచి వార్డు హద్దు పోతుందన్నారే, అది భలే పాయింటు. ఇంతకీ ఆవిడ వస్తారుగా?”

“వస్తుందండీ. మీరడిగినప్పుడు మీ ముందే తలూపింది కదా.”

ఫోన్ పెట్టేశాక ప్రమోద్‌కి ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. గ్యాస్ బుక్ చేసినట్టుంది. ఎదురు హాస్టల్ కుర్రాళ్లు సంచులు తగిలించుకుని కోచింగ్‌కి పరిగెడుతుంటే కాసేపు అటే చూశాడు. తర్వాత ఆరిఫ్‌కి ఫోన్ చేశాడు. హైదరాబాద్ మ్యాపు మీద తగువులొస్తే తీర్చేది బల్కంపేట ఆరిఫే.

“అన్నా, నువ్వు చెప్పింది కరెక్టే” అన్నాడు ఆరిఫ్. “వార్డు హద్దంటే సర్కారు గీసిన గీత. మనకు నచ్చినట్టు తిప్పితే నడ్వది. కానీ గీ బాటసారి తమాషా మనిషున్నడు. గింత పెద్ద హైదరాబాద్‌ల గాయన ముట్టుకున్నది మీ ఒక్క ఇల్లే.”

“మా ఓనర్ జోగారావు గారే అయ్యుంటారు. ఇంటి కింద నాలా ఉందని తెలిస్తే కూలగొడతారని భయం.”

“గట్లనే ఉంటది. నువ్వు జర ఫికర్ చెయ్యకు. మెసేజ్ పెట్టి అడుగు. మాట వినకుంటే నేను బ్లాక్ చేస్త.”

ప్రమోద్ మెసేజ్ పెట్టాడు. “బాటసారి గారూ, హద్దు ఆ ఇంటి మధ్యలోంచే పోతుంది. గెజిట్ చదవండి.”

జవాబు వెంటనే వచ్చింది. “చదివాను. అది రాసినప్పుడు అక్కడ నాలా ఉంది, ఇల్లు లేదు. ఇప్పుడు ఇల్లుంది, నాలా లేదు.”

“అయితే ఏంటి? చట్టం మార్చేదాకా గీత అక్కడే. మన ఇష్టాయిష్టాలు మ్యాపులో పెట్టకూడదు. మీరు ఓనరా?”

“కాదు.”

“మరి ఆ ఇంటితో మీకేం పని?”

వంటింటి వైపు స్పూను టంగుమంది. ప్రమోద్ లేవలేదు. ఒళ్లు మండిపోయి టైపు చేస్తూ పోయాడు.

“గోడలు చూసి ఒకటే ఇల్లు అనుకుంటున్నారు. లోపల సంగతి మీకు తెలీదు. అక్కడ ఇద్దరున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు మందుబిళ్ల స్టూలు మీద పెట్టి వెళ్లిపోతారు. ఆ ఇల్లు ఎప్పుడో రెండయింది. నేను కొత్తగా గీసిందేం లేదు.”

పంపేశాక గానీ తనేం రాశాడో తెలియలేదు. లాయరుకి చెప్పని మాట, అమ్మకి చెప్పని మాట, ముక్కూమొహం తెలియనివాడికి చెప్పేశాడు. సిగ్గేసింది. చాలాకాలానికి గుండెలో ఎక్కడో నొప్పి పుట్టింది. అది నొప్పేనని పోల్చుకోవడానికి కూడా కాస్త టైము పట్టింది.

కళ్లు తుడుచుకుని గీతని మళ్లీ యథాస్థానానికి లాగాడు. హాలుకీ వంటింటికీ మధ్య, సరిగ్గా గడప మీదుగా. ప్రింటర్ ఆన్ చేశాడు.

వంటింట్లో టకటకలు ఆగాయి. స్క్రీన్ మీద బాటసారి జవాబు వచ్చింది.

“సరే, గీత అక్కడే ఉంచండి. స్టూలు ఇవాళ మీ వార్డులో పెట్టాను. టీ చల్లారిపోతోంది, తాగండి.”