పెదవులు కనిపించే టీవీ

"ఏ టీవీల పెదవులు సాఫ్ కనబడ్తయో గది చూపియ్యి బిడ్డా."

లక్ష్మీరాజం అడిగిన తీరుకు విజయశ్రీ బిత్తరపోయింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. మూడేళ్లుగా ఆ షోరూంలో టీవీలు అమ్ముతోంది. ధర అడిగినవాళ్లున్నారు, వారంటీ అడిగినవాళ్లున్నారు. పెదవులు అడిగినవాళ్లు ఇంతవరకు తగల్లేదు.

"సినిమాలకా కాకా, క్రికెట్‌కా?"

"మా పోరని వీడియోకు."

కొడుకు శివకృష్ణ ఇల్లు వదిలి నలభై రోజులైంది. మరమగ్గాల మీద పని చేయనన్నాడు. లక్ష్మీరాజానికి కోపం ఆగలేదు. షెడ్డులో అందరి ముందూ చెంప పగలగొట్టాడు. ఆ సాయంత్రమే వాడు నడుస్తున్న మగ్గాల మధ్య నిలబడి, ఏదో మాట్లాడుతూ ఫోన్లో వీడియో తీసి, తల్లికి పంపి మాయమైపోయాడు. లింబాయత్ గల్లీలు, కడోదరా మిల్లులు, స్టేషన్ ప్లాట్‌ఫారాలు అన్నీ గాలించారు. జాడ లేదు.

వీడియోలో మగ్గాల మోత తప్ప మాట వినపడదు. వినపడకపోతే ఏం? పాతికేళ్లు ఆ మోతలో బతికిన మనిషికి పెదవుల కదలిక చాలు, మాట తెలిసిపోతుంది. కానీ చీకటి షెడ్డు, వాడి వెనక ట్యూబ్‌లైటు, అరచేతిలో పట్టే ఫోను. దానికి తోడు ఆయనకు చత్వారం. ఎక్కడికి పోతున్నదీ వాడు చెప్పే ఉంటాడని ఆయన ఆశ. భార్య వెంకటవ్వను తొలిరోజే అడిగి చూశాడు. "నాకేం సమజ్ కాలే" అని ఊరుకుంది.

ఇప్పుడు షోరూంలో పక్కన నిలబడీ అంతే. "పోదాం పా. ఫోన్ల కనబడనిది టీవీల కనబడ్తదా?" అని పొద్దున్నుంచీ ఒకటే పాట.

ఆయన వింటేనా. ముందు అన్నిటికంటే పెద్దది చూపించమన్నాడు. వెంకటవ్వ ఫోను కలిపి గోడంత తెర మీద ప్రొజెక్టర్ వేసింది విజయశ్రీ. పగటి వెలుతురులో కొడుకు వెలిసిపోయిన బట్టలా కనిపించాడు.

"దీనికి రూమంతా అంధేరా ఉండాలె కాకా. ఎల్ఈడీ చూడండి."

అందులో మొహం బూడిద రంగులో కలిసిపోయింది. వెనక లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుందట. అందుకే నలుపు నలుపులా ఉండదట. క్యూఎల్ఈడీలో రంగులు పండగలా ఉన్నాయి. వాడి నీలం చొక్కా మెరిసింది, ట్యూబ్‌లైటు భగ్గుమంది. మొహం మాత్రం ఇంకా నీడలోనే ఉంది.

"మోకాళ్లు గుంజుతున్నయి. జర పోదాం పావయ్యా," అంటూ వెంకటవ్వ ఆయన చొక్కా పట్టి లాగింది.

"ఒక్కటి ఆగు."

"ఇది ఓఎల్ఈడీ కాకా," అంది విజయశ్రీ. "దీనికి వెనక లైటే ఉండదు. చుక్క చుక్కకూ సొంత వెలుగు ఉంటది. చీకటి చీకటి లెక్కనే, మొఖం మొఖం లెక్కనే."

చీకట్లోంచి శివకృష్ణ బయటికొచ్చాడు. చెంప మీద నాలుగు వేళ్ల వాపు కూడా కనిపించింది. లక్ష్మీరాజం తెరకు దగ్గరగా జరిగాడు. వాడి పెదవులతో పాటు ఆయన పెదవులూ కదిలాయి.

'నా కోసం దేవులాడకుండ్రి. బతికున్నన్ని దినాలు బాపు మొఖం సూడ.'

మళ్లీ వేయమన్నాడు. మూడోసారి కూడా అదే మాట. కొట్టిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

వెంకటవ్వ టీవీ వైపు చూడనే లేదు. ఆయన మొహమే చూస్తోంది.

"ఏమన్నడు?" అంది నెమ్మదిగా.

లక్ష్మీరాజం తెర మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. "మంచిగనే ఉన్నడట. దసరాకు వస్తడట."

"మంచిది," అంది వెంకటవ్వ. ఫోను తీసుకుని కొంగున ముడేసుకుంది.

టీవీ ఏమీ కొనకుండానే బయటపడ్డారు. షేర్ ఆటో మోత చెవులు గింగుర్లెత్తిస్తోంది. ఇంకెవరిని అడగాలో, ఎక్కడ వెతకాలో తెలియక లక్ష్మీరాజం తల వంచుకుని కూర్చున్నాడు. వెంకటవ్వ ఆయన భుజం తట్టి తన వైపు తిప్పుకుంది.

ఆ షెడ్డులోనే పదహారేళ్లు ఆయన పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టిన వెంకటవ్వ, మాట బయటికి రానీయకుండా, పెదవులు మాత్రమే కదిపింది: 'నాకు తొలినాడే తెల్సు, నువ్వు తట్టుకోవనే చెప్పలే.'